‘ఒక చోటు’ అంటే ఎక్కడ?

ఈ వ్యాసం ఇలా రాయాలని మొదలుపెట్టలేదు. శరణార్థుల సముద్ర ప్రయాణాల మీద వచ్చిన సాహిత్యం గురించి రాస్తానని సంపాదకులకి మాటిచ్చాను. రెండు మూడు పుస్తకాలు, ఒక డాక్యుమెంటరీ, వాటి చుట్టూ కొంత చర్చ. నాకిది అలవాటైన పనే. పదిహేనేళ్ళ కిందట ఒక సెమినార్లో మన కవయిత్రుల కవితల్లో పడవ, తీరం గురించి మాట్లాడాను. తీరం అంటే కుటుంబమనీ, పడవ అంటే అందులోంచి బయటపడే స్త్రీ మనసనీ చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. అందులో ఎక్కడా, పడవ ఎక్కిన మనిషిని ఎవరైనా ఆపగలరన్న ఆలోచనే లేదు. ఆ పేపరు కాపీ ఇప్పుడు తీసి చూసుకుంటే సిగ్గేసింది.

ఈసారి సాహిత్యంలోకి వెళ్ళేముందు నేపథ్యం కోసమని ఒక కోర్టు తీర్పు చదివాను. 2015 జనవరి 28న ఆస్ట్రేలియా హైకోర్టు ఇచ్చినది. అక్కడి హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది. అక్కడే ఇరుక్కుపోయాను. అందుకని ఆ ఇరుక్కోవడం గురించే రాస్తున్నాను.

ఆ తీర్పు వెనక ఉన్న పడవ మన పక్కనుంచే బయల్దేరింది. 2014 జూన్‌లో పుదుచ్చేరి నుంచి 157 మంది శ్రీలంక తమిళులు ఆస్ట్రేలియా వైపు వెళ్ళారు. పిల్లలున్నారు, ఆడవాళ్ళున్నారు. జూన్ 29న క్రిస్మస్ ద్వీపం దగ్గర ఆస్ట్రేలియా అధికారులు ఆ పడవని ఆపి, అందరినీ ‘ఓషన్ ప్రొటెక్టర్’ అనే తమ ఓడలోకి ఎక్కించుకున్నారు. సముద్రాన్ని కాపాడే ఓడ అని పేరు. దాదాపు నెల రోజులు ఆ ఓడ నీళ్ళ మీదే ఉంది. రోజులో మూడు గంటలు తప్ప కిటికీల్లేని గదుల్లో ఉంచారు, కుటుంబాలను విడదీశారు. ఆ వారాల్లో వాళ్ళెక్కడున్నారని పాత్రికేయులు అడిగితే, నీటి మీది వ్యవహారాల గురించి మాట్లాడబోమని ప్రభుత్వం జవాబిచ్చేది. నీళ్ళ మీద రాతలని మనం అంటామే, ఆ ప్రభుత్వం దాన్ని విధానంగా చేసుకుంది. వాళ్ళని భారతదేశానికి తిరిగి పంపాలని మంత్రివర్గంలోని జాతీయ భద్రతా కమిటీ జూలై 1న నిర్ణయించింది. మన దేశం ఒప్పుకుందా లేదా అన్నది అప్పటికి తేలలేదు. జూలై ఆఖర్లో ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఒక నిర్బంధ శిబిరానికి తెచ్చి, వారం తిరక్కుండా రాత్రివేళ నౌరూ ద్వీపానికి పంపేశారు.

ఆ 157 మందిలో ఒకరు ఆ నిర్బంధం చెల్లదంటూ కోర్టుకి వెళ్ళారు. తీర్పులో ఆయన పేరు సి.పి.సి.ఎఫ్. ప్రాణభయం ఉన్నవాళ్ళ పేరు దాచడానికి పెట్టిన అక్షరాలవి. మంచి ఉద్దేశమే. కానీ వందల పేరాల తీర్పంతా నాలుగు అక్షరాల మనిషి గురించి చదువుతుంటే వింతగా ఉంటుంది.

విశాఖలో ఉండే మా మేనత్తకి ఈ సంగతి చెప్పాలనిపించింది. ఆవిడ రంగూన్లో పుట్టింది. 1964లో, అక్కడి సైనిక ప్రభుత్వం భారతీయుల దుకాణాలు స్వాధీనం చేసుకున్నాక, పదకొండేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చింది. ఇంగ్లీషు రాదు. సరే, తీర్పులోంచి ఒక పేరా తెలుగు చేసి ఫోన్లో వినిపిద్దామనుకున్నాను. ఇలా వచ్చింది: “ఫిర్యాది నౌకలోకి తరలించబడి, నిర్బంధించబడి, భారతదేశానికి తీసుకెళ్ళబడుతుండగా...”

“ఏటమ్మా ఇది? బడి, బడి, బడి! ఎవులు తీసుకెళ్ళేరు?” అంది అత్త.

ఇంగ్లీషులో ఆ వాక్యం నున్నగా సాగిపోతుంది. తెలుగులో మనం అలా మాట్లాడం. కర్త లేకుండా క్రియ చెప్తే మన చెవి ఊరుకోదు. అనువాద పాఠాల్లో పిల్లలకి ‘బడు’ ధాతువు వాడొద్దని ఎన్నేళ్ళుగానో చెప్తున్నాను, శైలి బాగుండదని. అది శైలి సమస్య మాత్రమే కాదని ఆ రోజు అర్థమైంది. అత్త ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఆ పేరా అంతా మళ్ళీ రాయాలి. ప్రతి వాక్యం ముందూ ఒక మనిషినో ఒక కమిటీనో ఒక ఓడ కెప్టెన్నో నిలబెట్టాలి. నిజానికి కోర్టులో జరిగిన వాదనలో ఒక భాగం అదే. వాళ్ళని ఇండియాకి తీసుకెళ్ళాలన్న నిర్ణయం ఎవరిది? చట్టం ఆ అధికారాన్ని ఇచ్చింది సముద్ర అధికారికి. నిర్ణయం చేసింది కమిటీ. పై వాళ్ళు చెప్తే కింద వాడు చేసినంత మాత్రాన అది చెల్లకుండా పోదన్నారు మెజారిటీ న్యాయమూర్తులు.

ఆ చట్టం 2013 నాటి సముద్ర అధికారాల చట్టం. దాని 72వ సెక్షన్లో ఒక మాట ఉంది, ఈ వ్యాసమంతా నిజానికి దాని గురించే. ఓడలో పట్టుబడిన మనిషిని అధికారి నిర్బంధించి ‘ఒక చోటు’కి తీసుకెళ్ళవచ్చు. ఆ చోటు ఆస్ట్రేలియాలో ఉండవచ్చు, ఆస్ట్రేలియా బయట ఉండవచ్చు. అంతే. పేరు లేదు. ఆ చోటు ఆ మనిషికి భద్రమని అధికారికి సహేతుకంగా అనిపించాలని మరో సెక్షన్ అంటుంది. ఏడుగురు న్యాయమూర్తులు ఈ ‘చోటు’ అన్న మాట చుట్టూనే చీలిపోయారు. తీసుకెళ్ళాక దింపే హక్కే లేని చోటు, చోటెలా అవుతుందన్నది అసమ్మతి తీర్పుల సారం. దింపనిస్తారో లేదో తెలియకుండా ప్రయాణం మొదలుపెడితే, అది ప్రయాణం పేరుతో నిరవధిక నిర్బంధమే కదా. హేన్, బెల్ కలిసి రాశారు, కీఫెల్ విడిగా రాసింది. నలుగురు మాత్రం ఆ అధికారం చట్టంలో ఉందన్నారు. నిర్బంధం చెల్లింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఆ ధర్మాసనంలో ముగ్గురు స్త్రీలున్నారు. బెల్, కీఫెల్ అసమ్మతి పక్షం, క్రెనన్ మెజారిటీ పక్షం. న్యాయమూర్తుల్లో స్త్రీలు పెరిగితే తీర్పులు మారతాయని మనం తేలిగ్గా అంటుంటాం. నేనూ అన్నాను. ఈ లెక్క దాన్ని అటూ నిరూపించదు, ఇటూ కొట్టేయదు. కాకపోతే కీఫెల్ రాసిన భాగం చదివేటప్పుడు, చట్టంలోని మాటని దాని మామూలు అర్థంలో పట్టుకుని వదలని ఒక పాఠకురాలు కనిపించింది నాకు. అలాంటి చదువరిని క్లాసులో చూస్తే ఎంత సంతోషపడతానో అంత సంతోషం కలిగింది. 2017లో ఆవిడ ఆ కోర్టుకి మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయింది. కానీ తీర్పు రావడానికి ముందే, 2014 డిసెంబర్లోనే, పార్లమెంటు చట్టాన్ని సవరించేసింది. తీసుకెళ్ళే చోటు ఒక దేశం లోపలే ఉండనక్కర్లేదు. ఆ దేశంతో ఒప్పందం ఉండనక్కర్లేదు. అంటే న్యాయమూర్తులు ఒక మాటకి అర్థం వెతుకుతుండగానే ఆ మాటలోంచి అర్థాన్ని తీసేశారన్నమాట.

మన దగ్గర ఒక పాత మాట ఉంది, కాందిశీకులు. మా చిన్నప్పుడు అత్త వాళ్ళని అలాగే అనేవాళ్ళు, బర్మా కాందిశీకులని. ఇప్పుడు పత్రికల్లో ‘శరణార్థులు’ అంటున్నాం. శరణార్థి అంటే శరణు అడిగేవాడు. ఇచ్చేవాడొకడు ఎదురుగా ఉన్నట్టే లెక్క. కాందిశీకుడన్న మాటకి పండితులు చెప్పే వ్యుత్పత్తి వేరు. ‘ఏ దిక్కుకి పోను?’ అనే ప్రశ్నలోంచి పుట్టింది. అందులో ఇచ్చేవాడు లేడు, చోటు లేదు, దిక్కు కూడా ఇంకా తేలలేదు. 72వ సెక్షన్ని తెలుగు చెయ్యమంటే నేనీ మాటే వాడతాను. కాకపోతే ఒక తేడా ఉంది. మన మాటలో ఆ ప్రశ్న వేసేది పారిపోతున్న మనిషి. చట్టంలో ఆ ప్రశ్న, దాని జవాబు రెండూ అధికారివే.

సముద్రంలో ఓడని ఆపే హక్కు ఎవరికుంటుంది? ఐక్యరాజ్యసమితి 1982 సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం, నడిసముద్రంలో ఓడ మీద అధికారం అది ఎగరేసిన జెండా దేశానిదే. వేరే దేశపు యుద్ధనౌక దాన్ని ఆపి ఎక్కి చూడాలంటే కొన్ని కారణాలే ఉన్నాయి. సముద్రపు దొంగతనం, బానిసల వ్యాపారం, అనుమతి లేని రేడియో ప్రసారాలు, ఓడకి ఏ దేశపు గుర్తింపూ లేకపోవడం లాంటివి. శరణార్థులన్న మాట ఆ జాబితాలో లేదు. కానీ ఈ మనుషులెక్కేవి మామూలుగా జెండా లేని, కాగితాల్లేని చేపల పడవలు. అంచేత మనుషుల్ని ఆపే అధికారం పడవకి దేశం లేకపోవడంలోంచి వస్తుంది. ఒడ్డు నుంచి 24 నాటికల్ మైళ్ళ లోపలైతే, వలస చట్టాల ఉల్లంఘన జరక్కుండా ఆపే అధికారం తీర దేశానికుంటుంది. సి.పి.సి.ఎఫ్. ఎక్కిన పడవ అలాంటి మేరలోనే పట్టుబడింది. అదే 1982 ఒప్పందంలో ఇంకో అధికరణం ఉంది. సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడి తీరాలని. ఆపడం ‘చేయవచ్చు’, కాపాడడం ‘చేయాలి’. ఈ రెండు క్రియల్ని గుర్తుంచుకోమని పాఠకుల్ని కోరుతున్నాను. ఆచరణలో ఇవి తారుమారయ్యాయి.

అర్థాల కోసం నిఘంటువులు తిరగేసిన కోర్టు మరొకటుంది. 1993లో అమెరికా సుప్రీంకోర్టు. హైతీ నుంచి పడవల్లో వస్తున్నవాళ్ళని నడిసముద్రంలోనే పట్టుకుని వెనక్కి పంపడం తప్పా కాదా అన్నది కేసు. 1951 శరణార్థుల ఒప్పందం, ప్రాణభయం ఉన్న చోటికి ఎవరినీ తిప్పి పంపకూడదంటుంది. ‘తిప్పి పంపడం’ పక్కన ఒక ఫ్రెంచి మాట కూడా ఉంది, ‘రెఫూలే’. ఆ మాటకి నిఘంటువుల్లో సరిహద్దు దగ్గర తిప్పికొట్టడమనే అర్థాలున్నాయి కాబట్టి నడిసముద్రానికి ఈ నిషేధం వర్తించదన్నారు ఎనిమిదిమంది. బ్లాక్‌మన్ ఒక్కడూ ఒప్పుకోలేదు. అమెరికా హైతీ వాళ్ళని పంపేస్తోందని రాయడానికి ఫ్రెంచి పత్రికలు సరిగ్గా ఆ మాటే వాడాయి కదా అన్నాడు. అంతకన్నా మంచి సాహిత్య విమర్శ నేనీమధ్య చదవలేదు. మాటకి అర్థం చెప్పాల్సింది నిఘంటువా, వాడుకా? యూరప్ మానవ హక్కుల కోర్టు 2012లో ఇటలీ విషయంలో వేరే దారి పట్టింది. పడవ మనుషులు మీ ఓడలోకి వచ్చాక మీ చేతుల్లో ఉన్నట్టే, నడిసముద్రమైనా సరే అంది.

ఇంతవరకూ చదివినవాళ్ళకి స్త్రీలెక్కడ అన్న సందేహం వచ్చే ఉంటుంది. తీర్పులు చదువుతూ నాకూ వచ్చింది. ఇవన్నీ అధికారులు, నౌకలు, సెక్షన్లు, గుంపులో ఒకరైన ఫిర్యాది. స్త్రీలు ‘సహా’ అన్న మాట దగ్గర వస్తారు. స్త్రీలు, పిల్లలు సహా. వాళ్ళు ముందుకొచ్చిన పడవ ఒకటుంది. కానీ అది ఎవరూ ఆపని పడవ.

2001 అక్టోబర్ 19న ఇండోనేషియాకీ క్రిస్మస్ ద్వీపానికీ మధ్య ఒక పడవ మునిగిపోయింది. దాదాపు 20 మీటర్ల పొడవున్న పడవలో 400 మందికి పైగా ఎక్కారు. 353 మంది చనిపోయారు. వాళ్ళలో 146 మంది పిల్లలు, 142 మంది స్త్రీలు, 65 మంది పురుషులు. ఈ లెక్కని మామూలుగా విషాదం ఎంత పెద్దదో చెప్పడానికి వాడతారు. నేను మరోలా చదువుతున్నాను. పురుషులెందుకు తక్కువ? 1999లో ఆస్ట్రేలియా ఒక తాత్కాలిక వీసా పెట్టింది. పడవలో వచ్చి శరణార్థిగా గుర్తింపు పొందినవాళ్ళకి మూడేళ్ళు ఉండనిస్తారు, భార్యాపిల్లల్ని తెచ్చుకోనివ్వరు. వెళ్ళి చూసొద్దామంటే మళ్ళీ రానివ్వరు. కాబట్టి ముందు వెళ్ళిన భర్తని కలవాలంటే భార్యలకి మిగిలిన దారి పడవే. పడవలని ఆపడానికి చేసిన చట్టం ఆడవాళ్ళనీ పిల్లలనీ పడవెక్కించింది. ముగ్గురు కూతుళ్ళని ఆ నీళ్ళలో పోగొట్టుకున్న ఒక తల్లి బతికి ఇండోనేషియా చేరింది. సిడ్నీలో ఉన్న భర్త ఆమె దగ్గరికి వెళ్ళాలంటే, తిరిగి రావడం మీద ఆశ వదులుకోవాలన్నారు. కుటుంబం గురించి అంత మాట్లాడే రాజ్యాలు కుటుంబాన్ని ఒక వీసా షరతుతో ఇలా విడదీయగలవు.

ఆ పడవకి పేరు కూడా తర్వాతే వచ్చింది. ఆస్ట్రేలియా అధికారులు తాము పట్టుకున్న పడవలకి, అక్రమంగా ప్రవేశిస్తున్నట్టు అనుమానించిన నౌక అని ఇంగ్లీషులో చెప్పే మాటల మొదటి అక్షరాలు కలిపి ‘సీవ్’ అని, పక్కన ఒక అంకె పెట్టేవాళ్ళు. పట్టుకోని పడవకి అంకె లేదు. టోనీ కెవిన్ అనే మాజీ దౌత్యవేత్త దానికి ‘సీవ్ ఎక్స్’ అని పేరు పెట్టాడు. మునిగిన చోటు ఆస్ట్రేలియా నౌకలు, విమానాలు గట్టిగా కాపలా కాస్తున్న ప్రాంతంలోనే ఉంది. అంత కాపలా మధ్య ఇంత ఘోరం మూడు రోజుల దాకా ఎలా తెలియలేదని అక్కడి సెనేట్ కమిటీ కూడా ఆశ్చర్యపోయింది. ఆపే చూపు వేరు, కాపాడే చూపు వేరని అనుకోవాలేమో.

దానికి రెండు వారాల ముందే ఇంకో పడవ గురించి, తల్లిదండ్రులు పిల్లల్ని సముద్రంలోకి విసిరేశారని మంత్రులు ప్రకటించారు. అలాంటివాళ్ళు మా దేశంలో వద్దన్నాడు ప్రధాని. ఎన్నికల ముందు. అది అబద్ధమని 2002లో సెనేట్ విచారణ తేల్చింది. రుజువుగా చూపించిన ఫోటోలు మర్నాడు పడవ మునుగుతున్నప్పుడు నీళ్ళలో ఉన్నవాళ్ళవి. చెడ్డ తల్లి బొమ్మ ఎంత తొందరగా నమ్మకం పుట్టిస్తుందో మనకి చెప్పనక్కర్లేదు.

సీవ్ ఎక్స్ నుంచి బతికి బయటపడ్డ 45 మందిలో ఇరాక్‌కి చెందిన అమల్ బస్రీ ఒకరు. భర్త అప్పటికే ఆస్ట్రేలియాలో ఉన్నాడు. లైఫ్ జాకెట్ తొడుక్కుని చనిపోయిన ఒక స్త్రీ శరీరాన్ని పట్టుకుని దాదాపు ఇరవై గంటలు నీళ్ళలో తేలింది. రాత్రి కొన్ని ఓడల దీపాలు కనిపించి, దగ్గరికొచ్చి, వెళ్ళిపోయాయని బతికినవాళ్ళు చెప్పారు. ఆఖరికి తీసుకెళ్ళింది ఇండోనేషియా జాలరులు. తర్వాత అమల్ ఎక్కడ పిలిస్తే అక్కడ ఈ కథ చెప్పింది. 2006లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె కథ ఇప్పుడు మనకి ఇద్దరు పురుషుల ద్వారా దొరుకుతుంది. స్టీవ్ థామస్ తీసిన ‘హోప్’ డాక్యుమెంటరీ, ఆర్నాల్డ్ జేబుల్ 2011లో వేసిన ‘వయొలిన్ లెసన్స్’ పుస్తకంలోని ఒక కథనం. జేబుల్ దానికి కోల్‌రిడ్జ్ కవిత పేరు గుర్తొచ్చేలా ‘ది ఏన్షియెంట్ మారినర్’ అని శీర్షిక పెట్టాడు. మొదట నాకిది నచ్చలేదు. ఆ ముసలి నావికుడు ఆల్‌బట్రాస్‌ని చంపిన పాపానికి తన కథ చెప్తూ తిరుగుతాడు. అమల్ ఏం పాపం చేసింది? ఇరాకీ స్త్రీ గొంతుకి ఇంగ్లీషు కానన్ చట్రం ఎందుకు? ఆ అభ్యంతరం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఇన్ని తీర్పులు చదివాక ఆ కవిత మొదలు వేరేగా తట్టింది. పెళ్ళికి వెళ్తున్నవాడిని ఆ నావికుడు దారిలో అడ్డగించి ఆపుతాడు. సముద్రంలో ఉన్నవాళ్ళని నేల మీదివాళ్ళు ఆపడమే ఇంతసేపూ చదువుతున్నాను. ఇక్కడ సముద్రంలోంచి వచ్చిన మనిషి నేల మీదివాళ్ళని ఆపుతోంది. ఆమెకి ఏ సెక్షనూ ఇవ్వని అధికారం అది. జేబుల్ దీన్ని ఉద్దేశించాడో లేదో గానీ, శీర్షికలో అది ఉంది.

బెహ్రూజ్ బూచానీ పుస్తకం ‘నో ఫ్రెండ్ బట్ ద మౌంటెన్స్’ (2018) గురించి పొడుగ్గా రాద్దామనుకున్నాను. మానుస్ ద్వీపపు శిబిరంలోంచి ఫోన్ మెసేజీలుగా ఫార్సీలో రాసి పంపిన పుస్తకం. గొప్పదే, సముద్రం మీది అధ్యాయాలు మరీను. ఒక్క మాటే చెప్తాను. మానుస్‌ని పురుషులకి, నౌరూని కుటుంబాలకి, స్త్రీలకి కేటాయించారు. ఆ విభజన వల్ల మనకి దొరికిన గొప్ప జైలు పుస్తకం పురుషుల జైలుది అయింది. ఎవరు రాశారన్నది కూడా కొంతవరకు ఎవరిని ఏ ‘చోటు’కి తీసుకెళ్ళారన్న దాని మీదే ఆధారపడింది.

ఇవన్నీ పరాయి దేశాల సంగతులని అనుకోవడానికి లేదు. మన దేశం 1951 ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. 2025 మే నెలలో, ఢిల్లీలో అదుపులోకి తీసుకున్న దాదాపు 40 మంది రోహింగ్యాలని అండమాన్ తరలించి, నౌకాదళ ఓడ ఎక్కించి, లైఫ్ జాకెట్లు తొడిగి మయన్మార్ తీరం దగ్గర సముద్రంలోకి దింపేశారన్న ఆరోపణ వచ్చింది. వాళ్ళలో స్త్రీలున్నారు, వృద్ధులున్నారు. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి విచారణ మొదలుపెట్టాడు. సుప్రీంకోర్టు ముందుకి వచ్చినప్పుడు, ఇది చాలా అందంగా అల్లిన కథ, ఆధారాలేవీ అన్న వ్యాఖ్య ధర్మాసనం నుంచి వచ్చింది. ఆధారాలు అడగడం కోర్టు పనే, కాదనను. కానీ నీటి మీద జరిగినదానికి ఆధారం నీళ్ళలో పడ్డవాళ్ళ మాట కాక మరేముంటుంది? ‘అందంగా అల్లిన’ అన్న మాట కథల్ని సమీక్షించేవాళ్ళం మనం వాడేది. మనం మెచ్చుకోలుగా వాడే మాట అక్కడ కొట్టేయడానికి పనికొచ్చింది. స్త్రీలు చెప్పుకున్న బాధల్ని కట్టుకథలన్నప్పుడల్లా మన పత్రికలు పోట్లాడాయి. ఈ మాట దగ్గర మాత్రం తెలుగులో పెద్దగా చప్పుడు వినలేదు నేను. నాతో సహా.

పోయిన నెల విశాఖ వెళ్ళాను. అనువాదాన్ని మళ్ళీ రాసి పట్టుకెళ్ళాను, ఈసారి ‘బడు’ లేకుండా. అత్త మంచం మీద కూర్చుని విన్నది. ఇండియా తీసుకుంటుందో లేదో తెలియకుండానే ఇండియా వైపు పంపాలనుకున్నారని చదివినప్పుడు ఆపింది.

“మా ఓడని ఎవులూ ఆపలేదు. దిగేక, మీ ఊరేదని అడిగేరు. మాకేటి ఊరు? రంగూనే మా ఊరు. మా నాన్న తాతల ఊరి పేరేదో చెప్పేడు. ఆ ఊరు నానెప్పుడూ చూడనేదు.”

తర్వాత లేచి ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఓడ దిగినప్పుడు ఇచ్చిన కాగితం, మడతల దగ్గర చిరిగింది. వాళ్ళ నాన్న పేరు ఉంది, వృత్తి ఉంది. కింద ‘భార్య’ అని, దాని కింద ‘కూతుళ్ళు 3’ అని ఇంగ్లీషులో ఉంది. పేర్లు లేవు.

“మధ్యది నేనే” అంది అత్త.